జెర్రిపోతు, కొంగ, ఒక పట్టు పీచు

ఆ విమానాలకు పేర్లు పెట్టింది వాటిని తయారుచేసిన దొరలు కాదు, కాపలా తిప్పన్న. అరవై ఏడో సంవత్సరం మాఘమాసంలో, హిందూపురానికీ పెనుకొండకూ మధ్య యుద్ధకాలంలో చదును చేసి వదిలేసిన గులకరాళ్ళ గరుసునేల రన్‌వే మీద, ఒక్క వారంలో రెండు జెట్ విమానాలు దిగాయి. మొదటిది పొట్టి కాళ్ళ మీద నేలకు ఆనుకున్నట్టు సన్నగా, పొడుగ్గా ఉంది. దాన్ని చూడగానే తిప్పన్న జెర్రిపోతు అనేశాడు. రెండోది పొడుగు కాళ్ళ మీద ఎత్తుగా, కాస్త బొజ్జతో నిలబడింది. అది కొంగ. ఇక అవే ఖాయమైపోయాయి. అసలు పేర్లు పలకాలంటే నోరు తిరగదు కూడాను.

రెండూ చెన్నకేశవులుకు అమ్మడానికి వచ్చినవి. గోరంట్ల పక్క సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టి, హిందూపురంలో ఒకే ఒక్క వేరుశనగ నూనె మిల్లుతో మొదలుపెట్టి, బొంబాయి దాకా వ్యాపారం పాకించిన మనిషాయన. ముందు పంకాలు తిరిగే పాత విమానం ఒకటి ఆయనకు అప్పటికే ఉంది. అది ముసలిదైపోయింది. ఢిల్లీ చుట్టూ రెండేళ్ళు తిరిగి జెట్ కొనుక్కోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఏది కొనాలో తేల్చే పని మాత్రం తన మెకానిక్ మార్కండేయులు మీద పెట్టాడు.

"ఏమప్పా మార్కండేయులూ, అమ్మేటోళ్ళ మాట నాకొద్దు. వాళ్ళు గాడిదను తెచ్చి గుర్రమంటారు. నువ్వు ఏదంటే అదే కొంటా. కానీ ఒకటి గుర్తు పెట్టుకో. నా ఆడోళ్ళు, నా పిల్లోళ్ళు అందులో ఎక్కేది నీ మాట మీద."

మార్కండేయులు ధర్మవరం నేతగాళ్ళ ఇంటివాడు. యుద్ధం రోజుల్లో బెంగుళూరు విమానాల షాపులో పని నేర్చుకుని, పదేళ్ళుగా ఆ పాత విమానాన్ని కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నాడు. మనిషి ముక్కుసూటి, నోరు కాస్త దురుసు. యజమాని ముందైనా తల వంచేవాడు కాదు గానీ మంచి యంత్రం కనిపిస్తే వెన్నలా కరిగిపోయేవాడు.

ముందు కొంగను చూశాడు. ఇంజన్ మూత తీయాలంటే నాలుగు బొత్తాలు, తలో పావు తిప్పు తిప్పితే చాలు, తలుపు తీసినట్టు తెరుచుకుంది. లోపల నూనె ఎంత ఉందో కనిపించేట్టు చిన్న గాజుబిళ్ళ. కాలు పెట్టుకోవడానికి మెట్టు. ముందు చక్రం లేపే గులకరాళ్ళను పక్కకు తోసేసే ఒక రేకు. మార్కండేయులుకు ముచ్చటేసింది. ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని దీన్ని గీసినవాడెవడో గానీ, ఎండలో నిలబడి చెమటలు కక్కుతూ పనిచేసే మెకానిక్‌ను తలుచుకుని గీశాడు. ఆ మహానుభావుడికి అక్కడి నుంచే దండం పెట్టాలనిపించింది.

జెర్రిపోతు అలాంటిది కాదు. ఒక్క మూతకు నలభై రెండు మరలు! ఒక గొట్టాన్ని అందుకోబోయి మోచెయ్యి గీరుకుంది. "ఓరి నీ పాసుగాల, చెయ్యి ఏడ పెట్టమంటావు రా?" అని విమానాన్నే తిట్టాడు. అయినా ఎంత తిట్టుకుంటే అంత ప్రేమ పెరిగింది. రేకుల అతుకుల మీద అరచెయ్యి వేసి రాస్తే ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ ఇంకొకటి మొదలైందో తెలియదు. రేకుతో ఇంత నాజూకు పని చెయ్యొచ్చని అతనికి అంతవరకూ తెలియదు. ఇక అది లేచినప్పుడు చూడాలి. అబ్బా, ఏం లేచింది! రన్‌వే సగం కూడా వాడుకోలేదు. వక్క నోట్లో వేసుకుని కొరికేలోపల పెనుకొండ కొండ దాటేసింది. మార్కండేయులు తెరిచిన నోరు మూయడం మరిచిపోయాడు. పక్కన తిప్పన్న నవ్వుతూ, "మూసుకో అన్నా, ఈగలు దూరతాయి" అన్నాడు.

రెండూ ఆ గరుసు మీద తలా అయిదుసార్లు దిగి లేచాయి. ఆ సాయంత్రం చెన్నకేశవులు అడిగితే, మార్కండేయులు తడుముకోకుండా, "జెర్రిపోతే సామీ. అంతా బాగుండాది" అని మాట ఇచ్చేశాడు.

"మంచిది. రేపు పొద్దున మా కోడలు శ్యామలమ్మ, మనవడు ఎక్కుతారు. మీ యమ్మను కూడా పిలుచుకొని రాప్పా. ధర్మవరం మీద ఒక సుట్టు తిప్పుదాం."

ఇక్కడ మార్కండేయులు చేసిన తప్పు ఒకటి చెప్పాలి. వాళ్ళ ఇంట్లో తరతరాల అలవాటు ఒకటుంది. మగ్గం మీద దారాలను వరసగా నిలిపే అచ్చుకు దువ్వెన పళ్ళలా సన్నటి పళ్ళుంటాయి. ఏ పంటికైనా కంటికి ఆనని గరుకు ఉంటే చాలు, పడుగు దారం తెగుతుంది, చీర పాడవుతుంది. అందుకని మగ్గం ఎక్కించే ముందు చిటికెడు పట్టు పీచును పళ్ళ వెంట మెల్లగా లాగుతారు. పీచు ఎక్కడ తగులుకుంటే అక్కడ గరుకున్నట్టు. "కన్ను మోసం చేస్తాది, పట్టు చెయ్యదు" అనేది వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ. మార్కండేయులు ఆ పీచును విమానాల దగ్గరికి తెచ్చుకున్నాడు. పాత విమానం పంకాల అంచులను పదేళ్ళూ దానితోనే చూశాడు. చొక్కా జేబులో పీచు లేకుండా పనికి వెళ్ళింది లేదు.

కానీ కొత్త విమానాలను చూసిన రెండు రోజులూ ఆ పీచు జేబులోంచి బయటికి రాలేదు. జెర్రిపోతుతో వచ్చిన ఎర్రజుట్టు దొర మెకానిక్ పక్కనే ఉన్నాడు. అతని పెట్టెలో తళతళలాడే పనిముట్లు, చేతిలో లైటు, కంటికి భూతద్దం. అతను ఇంజన్ లోపల పంకాల్లా తిరిగే రేకులను లైటు వేసి చూసి, అంతా సరిగా ఉందన్నాడు. అతని ముందు జేబులోంచి పీచు తీయడానికి మార్కండేయులుకు సిగ్గేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు. జెర్రిపోతుకు తీయనివాడు కొంగకు మాత్రం ఎందుకు తీస్తాడు?

మరునాడు పొద్దున్నే ధర్మవరం నుంచి కారులో ఆదిలక్ష్మమ్మ దిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, యాభై ఏళ్ళు మగ్గం మీద బతికింది. పెట్టెలో దాచుకున్న పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొచ్చింది. జెర్రిపోతు చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో నిమిరి, "ఎంత నున్నగా ఉండాది రా! బంగారం" అంది. మార్కండేయులు పొంగిపోయాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది.

"పట్టు పెట్టి చూసినావా?"

"దొర లైటేసి చూసినాడమ్మా."

"దొర సంగతి నేనడగలా. నువ్వు చూసినావా?"

మార్కండేయులు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అప్పటికే శ్యామలమ్మ ఏడాది బిడ్డను చంకనేసుకుని వెనకాల నిలబడింది. చెన్నకేశవులు గడియారం చూసుకుంటున్నాడు.

"చూడకుండానే నన్ను ఎక్కమంటాండావా?" అంది తల్లి గొంతు తగ్గించి. "నాదేముంది, కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని. ఆ యమ్మ చంకలో ఎవరుండారో సూడు."

అతనికి తల కొట్టేసినట్టయింది. బిడ్డ తల్లి మెడలో గొలుసు పట్టుకుని ఆడుకుంటున్నాడు. మార్కండేయులు గబగబా యజమాని దగ్గరికి నడిచాడు.

"సామీ, ఎవరూ ఎక్కొద్దు. ఒక్క పది నిమిషాలు నిలబడండి."

"అంతా బాగుండాదని నిన్ననే చెప్తివి కదప్పా?"

"చెప్పినా. చూడకుండా చెప్పినా."

చెన్నకేశవులు ముఖం గంటు పెట్టుకున్నాడు. మార్కండేయులు జేబులోంచి పట్టు పీచు తీశాడు. ఎర్రజుట్టు దొర దాన్ని చూసి పకపకా నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకుని మార్కండేయులు ఇంజన్ నోట్లోకి భుజం దాకా చెయ్యి దూర్చాడు. ముందు వరస రేకులను ఒక్కొక్కటే తిప్పుకుంటూ అంచు వెంట పీచు లాగాడు. ఎడమ ఇంజన్‌లో ఒక్కచోట కూడా తగల్లేదు. ఒకవేళ ఏమీ లేకపోతే ఎంత బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది. కుడి ఇంజన్‌లో ఏడో రేకు దగ్గర పీచు ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

అతను పీచును అలాగే వదిలేసి చెయ్యి బయటికి తీశాడు. దొర లైటు, భూతద్దం పట్టుకుని వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఆవగింజలో సగం ఉంటుందో ఉండదో, అంత నొక్కు. దాని మొదట్లో లోపలికి పాకిన వెంట్రుకంత బీట. దిగేటప్పుడు లేచిన గులకరాయి పని అది. ఇంజన్ జోరు మీద తిరిగితే ఆ రేకు విరిగేది. విరిగితే ఏమయ్యేదో అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. దొర టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. రెండుసార్లు చూశాననీ, తన కంటికి కనపడలేదనీ ఇంగ్లీషులో ఒప్పుకున్నాడు. తర్వాత మార్కండేయులు చెయ్యి పట్టుకుని, ఆ పీచు తనకు కొంచెం ఇస్తావా అని అడిగాడు.

కొడుకు ఆ మాట తెలుగులో చెప్పగానే ఆదిలక్ష్మమ్మ కొంగుముడి విప్పి గుప్పెడు పీచు తీసింది. "ఇంతదానికి అడుక్కోవాల్నా? మా ఇంట్లో చాటల కొద్దీ ఉండాది, తీసుకో నాయనా."

మార్కండేయులు మాత్రం యజమాని ముందు నిలబడే ఉన్నాడు. "మాట తప్పినా సామీ. ఇంకో మనిషిని చూసుకోండి."

 చెన్నకేశవులు మనవణ్ణి కోడలి చంకలోంచి తీసుకుని కాసేపు గట్టిగా హత్తుకున్నాడు. "మనిషిని మార్చేది లేంది తర్వాత చూద్దాం లేప్పా. దొర ముందర చూడలేదని చెప్పిన నోరు, నాతో అబద్ధం చెప్పదులే. ఇప్పుడు చెప్పు. యాది కొనాల?"

మార్కండేయులు ఈసారి తడుముకోకుండా చెప్పెయ్యలేదు. నేరుగా కొంగ దగ్గరికి వెళ్ళి, దాని రెండు ఇంజన్లలోనూ గంటసేపు పీచు లాగాడు. ఎక్కడా తగల్లేదు. అప్పుడొచ్చాడు.

"జెర్రిపోతును తప్పు పట్టేదానికి లేదు సామీ. అట్లాంటి విమానాన్ని నేను మళ్ళీ చూస్తానో లేదో. కానీ అది సిమెంటు నేల కోసం పుట్టింది. మన గరుసు మీద ఆ పొట్టి కాళ్ళతో దిగితే రాళ్ళు నేరుగా నోట్లోకే పోతాయి. మనకు కొంగే. నిదానంగా పోతాది, క్షేమంగా తెస్తాది."

అలా చెబుతున్నప్పుడు అతని కళ్ళు మాత్రం జెర్రిపోతు మీదే ఉన్నాయి. దానికి కొత్త రేకు వచ్చేదాకా పదిహేను రోజులు అక్కడే నిలబడింది. మార్కండేయులు రోజూ పొద్దున్నే వెళ్ళి దాని మీది దుమ్ము తుడిచి వచ్చేవాడు. అది బెంగుళూరుకు లేచి వెళ్ళిపోయిన రోజు అన్నం సయించలేదు.

ఉగాది దాటాక కొంగ చెన్నకేశవులుదైంది. మొదటి ప్రయాణంలో శ్యామలమ్మ, బిడ్డ, వాళ్ళ వెనకాల ఆదిలక్ష్మమ్మ కూర్చున్నారు. తల్లి పక్కన మార్కండేయులు. ఆమె అదే పెళ్ళినాటి చీర కట్టుకొచ్చింది. బెల్టు బిగిస్తుంటే కొడుకు చెవి దగ్గరికి వంగింది.

"పట్టు పెట్టి చూసినావా?"

"చూసినానమ్మా. రెండు తూర్లు చూసినా."

"అట్లయితే సరే" అని ఆమె వెనక్కి వాలింది. విమానం లేచింది, పెనుకొండ దాటింది, ధర్మవరం మీదికి వచ్చింది. కింద నేతగాళ్ళ వీధులు, ఇంటి ముందర సాగదీసి ఆరబెట్టిన రంగు రంగుల పడుగులు కనిపించాయి. "అమ్మా, అదిగో మన వీధి!" అంటూ మార్కండేయులు తిరిగి చూశాడు. ఆదిలక్ష్మమ్మ నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. అతను లేపలేదు.