గోడ మీది నీలం చెయ్యి

మా అంగన్‌వాడీలో ఒక పిల్లకు ఒకే రంగు. ఈ రూలు పెట్టింది పైఅధికారులు కాదు, నీళ్లు. చేతులకు రెండేసి రంగులు పూసుకుంటే కడగడానికి బిందెడు నీళ్లు కావాలి. మా ఊరికి ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలియదు. అందుకని ఒకరికి పసుపు, ఒకరికి బట్టలకు పెట్టే నీలిమందు. మూడో రంగు కావాలంటే పక్కవాడి చేతిలో చెయ్యి కొట్టాల్సిందే. పసుపు చెయ్యీ నీలం చెయ్యీ కలిస్తే ఆకుపచ్చ. పిల్లలు దాన్ని చిలక రంగు అంటారు. అది వచ్చినప్పుడల్లా వాళ్లు వేసే కేకలకు మా ఆయా ఓబులమ్మ చెవులు మూసుకునేది.

ఇప్పుడు మూసుకోనక్కర్లేదు. వానల్లేక చెనిక్కాయ పంట ఎండిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని అందరూ బెంగుళూరు కూలిపనులకు పోయారు. మిగిలింది షాహిదా ఒక్కతే, నాలుగేళ్లది. వాళ్ల నాయనకు రోడ్డు మీద టీ బంకు ఉంది కాబట్టి మిగిలింది. అంత గదిలో ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంటే నాకు పొద్దున్నే ఏడుపొస్తుంది. అది కనబడకుండా ఓబులమ్మను కసురుకుంటాను.

ఆ రోజు షాహిదా రెండు చేతులకూ తడి పసుపు పూసుకుని నా ముందుకొచ్చింది.

“టీచరూ, చిలక రంగు కావల్ల.”

నేను అరచేతికి నీలిమందు పూసుకుని చెయ్యి చాచాను. “రా, కొట్టు.”

“నువ్వొద్దు. నీది పెద్ద చెయ్యి. ఉదయ్ కుమార్‌ది కావల్ల.”

“వాడు బెంగుళూరికి పోయినాడు కదే!”

“వాని చెయ్యి ఆడుండాది కదా!”

గోడ వైపు చూపించింది. ఊరు వదిలే రోజు ఉదయ్, కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద తన నీలం చెయ్యి అద్ది పోయాడు. ఐదు వేళ్లూ ముద్దుగా ఉన్నాయని నేనే తుడవనివ్వలేదు. రోజూ అన్నం పళ్లెం తీసుకుని షాహిదా దాని పక్కకే పోయి కూర్చుంటుంది.

నేను లేచేలోపే పరుగెత్తి, ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి గట్టిగా రుద్దింది.

చిలక రంగు రాలేదు. సున్నం తగిలి పసుపు ఎర్రబారింది, నీలం అందులో కలిసి మట్టి రంగైంది. ఈ ఊళ్లో ఎంతమంది బిడ్డలకు పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీశానో! అలాంటిది, నాకు ఆ క్షణం తట్టనేలేదు.

“సున్నం గోడకు పసుపు పూస్తే ఇంకేమైతాది? నువ్వన్నా చెప్పల్ల కదా టీచరమ్మా!” అంది ఓబులమ్మ. ఈసారి నేను కసురుకోలేదు.

షాహిదా గోడను తడిమి తడిమి చూసింది. ఒక్క వేలూ మిగల్లేదు.

“టీచరూ, ఉదయ్ చెయ్యి యాడికి పోయినాది?”

మళ్లీ వస్తాడులే అని చెబుదామనుకున్నాను. అంత చిన్నపిల్లతో అబద్ధమాడటానికి నోరు రాలేదు. చాచిన చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి తనే వచ్చి నా నీలం అరచేతిలో, గోడకు తగలని తన రెండో చెయ్యి పెట్టింది. కొట్టలేదు, ఊరికే పెట్టింది. మా వేళ్ల సందుల్లోంచి చిలక రంగు బయటికొచ్చింది.

“చూడే, వచ్చినాది!” అన్నాను.

షాహిదా చూడలేదు. గోడ వైపే చూస్తోంది.