వాయించేవాడికి వినబడదు

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేవాళ్ళకి ఒక జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగీ అడిగీ, ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా ఈ గ్లాసులో బాగున్నాయా ఆ గ్లాసులో బాగున్నాయా అని ఆగిపోతారు. అందరికీ వస్తుందని చెప్పను. మన కళ్ళజోళ్ళాయనకి మాత్రం వచ్చింది, వచ్చి తిష్ఠ వేసింది.

ఆయనకి బేస్ గిటార్ అంటే ప్రాణం. మామూలుగా నాలుగు లావుపాటి తీగలతో పాటని అడుగు నుంచి మోసే వాయిద్యం అది. మోస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగితే మాత్రం పాట చతికిలబడుతుంది. పెళ్ళికి ముందు ఆయన ఒక చిన్న బృందంలో దాన్ని వాయించేవాడు. తర్వాత ఉద్యోగం, సంసారం, మామూలే. ఇన్నేళ్ళకి ఆ బృందాన్ని ఆయన భార్య అన్నగారు మళ్ళీ కూడగట్టాడు. ఈ బావ డ్రమ్స్ వాయిస్తాడు, మాట కూడా అలాగే ఉంటుంది.

"కొత్త హాల్లో కచేరీ ఒప్పుకున్నా. ఈ వేసవి సెలవులు అయిపోయే ఆదివారం మీ ఇంటికొస్తా. పాటలన్నీ వాయించి చూపించు. రాకపోతే మొహమాటపడను బావా, వేరేవాళ్ళని చూసుకుంటా" అన్నాడు.

ఆ స్టేజీ ఎక్కాలని మన కళ్ళజోళ్ళాయన ఎంత తపించాడో ఆయనకే తెలుసు. బట్టల దుకాణానికి వెళ్ళి నల్లచొక్కా కూడా కొనుక్కున్నాడు. మరి సాధన మొదలుపెట్టాడా అంటే, అక్కడికే వస్తున్నాను. ముందు ఏ గిటారో తేలాలి కదా!

ఇంట్లో అప్పటికి మూడు చేరాయి. ఒకటి ఆయన పాతది, బరువైంది, చేత్తో పట్టుకునే మెడ లావు. రెండోది వాయిద్యాల దుకాణంవాడు వాయించి చూసుకోమని ఇచ్చిన ఐదు తీగలది. మూడోది తోటి ఉద్యోగి దగ్గర అడిగి తెచ్చుకున్న పొట్టిమెడది, తీగలు మెత్తన. మూడింటినీ సోఫా మీద వరసగా కూర్చోబెట్టి ఆయన కింద కూర్చునేవాడు.

"నీ పెళ్ళప్పుడు కూడా నువ్వింత ఆలోచించలేదురా" అంది వాళ్ళమ్మ.

"ఆలోచిస్తే చేసుకునేవారా అత్తయ్యా?" అంది కోడలు. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉంది, పాపం అందుకే దొరికిపోయింది.

ఎందుకంటే ఆయన దగ్గరొక సిద్ధాంతం ఉంది. గిటార్ ఒళ్ళో పెట్టుకున్నవాడికి శబ్దం చెవి కంటే ముందు పొట్టకి తగులుతుంది, కాబట్టి వాయించేవాడి తీర్పు చెల్లదు. దూరంగా నిలబడి వినాలి. సరే, ఎవరినైనా పిలిచి వాయించమంటే పోయేది. కానీ పిలిచినవాడికి అలవాటైన మెడ ఒకటి ఉంటుంది, వాడి వేళ్ళు దానికే ఓటేస్తాయి. తన వేళ్ళు సరేసరి, పాతదాని పక్షం. ఏ గిటార్ చేతికి సుఖమో నిష్పక్షపాతంగా తేల్చాలంటే, జన్మలో గిటార్ పట్టని చెయ్యి కావాలి.

"ఇలా రా, చెయ్యి చూపించు" అన్నాడు భార్యతో.

మెడ మీద ఎక్కడెక్కడ నొక్కాలో అంకెలు రాసిన చీటీలు అంటించాడు. అంకెలంటే ఆవిడకి భయమా? మొదటి పాటలో నాలుగు ముక్కలు సాయంత్రానికి వచ్చేశాయి. ఆయన గబగబా మెట్లు దిగి, కింది మలుపులో కళ్ళు మూసుకుని నిలబడి, "ఊఁ, కానీ!" అని అరిచేవాడు. ఆవిడ మూడింటి మీదా వాయించేది. ఆయన మళ్ళీ ఎక్కి వచ్చి, "మొదటిది గుండ్రంగా ఉంది గానీ అంచుల్లో మసక. రెండోదానికి చూపు దూరానికే ఆనుతోంది" అనేవాడు. గిటార్‌కి చూపేమిటని ఆవిడ అడగలేదు. "వేళ్ళు ఏ తీగల మీద నొప్పెడుతున్నాయి?" అని అడిగితే మాత్రం, "అన్నిటి మీదా" అనేది.

ఒక పాటతో ఏం తెలుస్తుంది? రెండో పాట నేర్పాడు. జోరుపాటలో ఒకలా, మెల్లటి పాటలో ఒకలా ఉంటుందని మూడోది నేర్పాడు. అలా అలా కచేరీ పాటలన్నీ అయ్యాయి. తీగలు అరిగితే మార్చాడు, మార్చాక పాత తీర్పులన్నీ కొట్టేసి మళ్ళీ మొదట్నుంచీ విన్నాడు. ఆయన మాత్రం వాయించలేదు. తేలనీ, తేలాక వారంలో పట్టేస్తానన్నాడు. ఎక్కడ తేలుతుంది! ఆయనకి పని తెమలడం ఇష్టమైతే కదా.

ఆ ఆదివారం బావ అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. మెట్ల మలుపులో కళ్ళు మూసుకుని, గోడకి చెవి ఆనించి కళ్ళజోళ్ళాయన నిలబడి ఉన్నాడు. పైనుంచి పాట వినబడుతోంది. "బావా" అనబోతే ఆయన "ష్" అన్నాడు. బావ అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి అరచేతులు వాటంతటవే మోకాళ్ళ మీద దరువు మొదలుపెట్టాయి. పాట అయ్యేదాకా ఆగలేదు.

"రికార్డు చేసి పెట్టావా? నువ్వేమో ఇక్కడున్నావు."

"రికార్డు కాదు, పోలుస్తున్నా. ఇది ఐదు తీగలది. మధ్యలో కొంచెం మసకగా ఉంది, గమనించావా?"

"మసకేంటి బావా! నా కాలు నిలవలేదు, అది గమనించా. ఎవరు వాయించేది?"

"మీ చెల్లెలే. ఊరికే, శబ్దం కోసం."

బావ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకెళ్ళాడు. చెల్లెల్ని తర్వాతి పాట వాయించమన్నాడు. సోఫా దిండు ఒళ్ళో పెట్టుకుని దాని మీద దరువేశాడు. ఇంకోటి, ఇంకోటి. ఆవిడ ఎక్కడా తప్పలేదు. ఒకచోట బావే తొందరపడితే, "అన్నయ్యా, లెక్క తప్పావు" అంది. బావ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"సరే, ఇక నువ్వు కానీ బావా" అన్నాడు.

కళ్ళజోళ్ళాయన పాత గిటార్ తగిలించుకున్నాడు. మొదటి వరస బాగానే వచ్చింది. రెండో వరసలో శబ్దం కాస్త బరువనిపించి చెయ్యి దాన్ని సర్దే బొత్తాం మీదికి పోయింది. దిండు ఆగలేదు, పాట ముందుకెళ్ళిపోయింది. "ఇంకోసారి" అన్నాడు. ఈసారి బొత్తాం ముట్టుకోలేదు గానీ వేళ్ళకి దారి తెలియలేదు. ఏ పాటలో ఏ గిటార్ ఎలా పలుకుతుందో గంటసేపు చెప్పగలడు. తర్వాత ఎక్కడ నొక్కాలో మాత్రం గుర్తు లేదు. మూడో పాట మధ్యలో తనే ఆపేశాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అది ఆ నల్లచొక్కానే.

బావ దిండు పక్కన పెట్టి, దాని ముడతలు నిమురుతూ కూర్చున్నాడు. మొహమాటపడనన్నవాడు బాగానే పడ్డాడు.

"బావా, ఏమనుకోకు. చెల్లెల్ని తీసుకెళ్తా."

ఆయన నవ్వేశాడు. ఆవిడ ఎలాగూ వద్దంటుందని ధీమా. అందుకే ఆవిడ వైపే తిరిగాడు.

ఆవిడ తల దించుకోలేదు. "నాకూ వాయించాలని ఉందండీ" అంది. "మీరు దుకాణానికి వెళ్ళాక కూడా వాయిస్తున్నాను. పోల్చడానికి కాదు. ఊరికే, బాగుంటుందని."

ఆయనకి అసూయ కలిగింది. దాన్ని మరో పేరుతో పిలవడం అనవసరం. వెంటనే సిగ్గు కూడా కలిగింది. ఏది బాగుంది, ఏ వేలు నొప్పెడుతోంది అని సెలవులంతా అడిగాడు గానీ, నీకు ఇది ఇష్టమేనా అని ఒక్కసారైనా అడగలేదు. స్టేజీ పోయింది. పోగొట్టింది ఎవరో కాదు, తనే దగ్గర కూర్చుని నేర్పి మరీ పోగొట్టుకున్నాడు. అయినా పెద్దమనిషిలా సర్దుకున్నాడు.

"మంచిది, వెళ్ళు. బాగా వాయిస్తున్నావు" అన్నాడు. ఆ మాట మనసారానే అన్నాడు.

తర్వాత ఇంక ఆగలేకపోయాడు. తన శ్రమకి ఫలం ఇప్పుడైనా దక్కాలి. ఆవిడ చెయ్యి కదా, అన్ని పాటలూ మూడింటి మీదా వాయించిన చెయ్యి. సోఫా మీది గిటార్ల ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి అడిగాడు.

"మరి ఏది తీసుకెళ్తావు?"

ఆవిడ మూడింటినీ ఒకసారి చూసింది.

"ఏదైనా పర్లేదండీ. మూడూ ఒకలాగే ఉన్నాయి."

స్టేజీ పోయినప్పుడు రాని ఏడుపు ఆయనకి అప్పుడొచ్చింది.