మూడు రోజుల బంద్

ఇబ్రహీంపట్నం పాత బజారులో పొద్దున్నే మొదట లేచే షటర్ సంజీవ మెడికల్ షాపుది. చివర లేచేది మహేశ్వరిది. బద్ధకం వల్ల కాదు. కూతురు యమున ఆదిబట్లలో విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో పనిచేస్తుంది. ఎనిమిదింటికి దాన్ని కంపెనీ బస్సు ఎక్కించి, నల్లా నీళ్లు పట్టుకుని, ఇల్లు సర్ది బయల్దేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. వచ్చాక కూడా మహేశ్వరి వెంటనే తాళం తీయదు. షటర్ మీది దుమ్ము తుడుస్తుంది, రెండు మెట్లు కడుగుతుంది, పైనున్న బోర్డు వైపు ఒకసారి చూస్తుంది. బోర్డు మీద ‘ఎల్లేశ్ మోటార్ వైండింగ్ వర్క్స్’ అని ఉంటుంది. లోపల ఒక్క మోటారూ ఉండదు. చీరల ఫాల్సులు, లంగాలు, జాకెట్ల లైనింగులు, దారపు కండెలు ఉంటాయి. నాదర్‌గుల్ వైపు కొత్త కాలనీల నుంచి కార్లలో వచ్చే ఆడవాళ్లు మ్యాచింగ్ సెంటర్ ఎక్కడా అని ఆ బోర్డు కిందే నిలబడి వెతుక్కుంటుంటే, పక్క దుకాణాల వాళ్లకు అదో కాలక్షేపం. బోర్డు మార్చమని మాత్రం వాళ్లలో ఎవరూ ఆమెకు చెప్పరు.

ఎల్లేశ్ ఆమె భర్త. ఒకప్పుడు చుట్టుపక్కల బోర్లలో కాలిపోయిన మోటార్లన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఎండాకాలంలో దుకాణం ముందు మోటార్లు వరసలో ఉండేవి, వాటి మీదే రైతులు కూర్చుని బీడీలు కాల్చేవారు, అతను రాగి తీగ చుడుతూ మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయేవాడు. తర్వాత రావిర్యాల పొలాలు, నాదర్‌గుల్ పొలాలు ఒక్కొక్కటే వెంచర్లయ్యాయి. బోర్ల మీద మొరం పోసి రోడ్లు వేశారు. భూములమ్మిన వాళ్లు కార్లు కొన్నారు, వాళ్లలో కొందరు ఆ కార్లూ అమ్ముకున్నారు. మోటారు పట్టుకుని వచ్చినవాడు మాత్రం లేడు.

అయినా ఎల్లేశ్ రోజూ పోయి దుకాణం తీసి ఊరికే కూర్చునేవాడు. ఒకనాడు అన్నం వడ్డిస్తూ మహేశ్వరి, "ఎవలొస్తున్నరని తీస్తున్నవ్? ఆ దుకాణం ఉన్నా లేకున్నా ఒకటే" అన్నది. కోపంతో అనలేదు, ఉన్నమాటే అన్నది. ఉన్నమాట కాబట్టే అతనికి ఎక్కువ తగిలింది. మూడోనాడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని, కర్నూలు దిక్కు మోటార్ల పని బాగా ఉందట, చూసి వస్తానని పోయాడు. నాలుగు నెలలు ఫోన్ చేశాడు. ఐదో నెల నుంచి ఫోన్ మోగలేదు. మహేశ్వరి పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చింది, రెండుసార్లు కర్నూలు పోయి దుకాణం దుకాణం తిరిగి ఫోటో చూపించింది. ఎనిమిదేళ్లయింది.

అయినా అతను బతికే ఉన్నాడని ఆమెకు తెలుసు. ఆశ కాదు, తెలుసు. అతని కోసం షటర్లు దిగలేదు కదా.

ఆ బజారులో దుకాణం నడిపిన మనిషి ఎవరు కన్నుమూసినా, అదే గడియలో షటర్లన్నీ వాటంతటవే దిగుతాయి. మిగతా ఊళ్లలో వ్యాపార సంఘంవాళ్లు ఆటోకు మైకు కట్టి బంద్ చెప్పించాలి, ఇక్కడ ఆ ఖర్చు లేదు. నెమ్మదిగానే దిగుతాయి, లోపలున్న వాళ్లు వంగి బయటికి రావడానికి వ్యవధి ఇస్తాయి. కొత్తగా దుకాణం పెట్టేవాళ్లకు సంఘం చెప్పే జాగ్రత్తల్లో మొదటిది, షటర్ కింద స్కూటీ పెట్టొద్దని. అంత్యక్రియలయ్యాక పోయినవాళ్ల మనుషులు వచ్చి ముందుగా తమ షటర్ ఎత్తాలి. అది లేచేదాకా మిగతావి గడ్డపార పెట్టి లేపినా లేవవు. దూరం కూడా వాటికి అడ్డం కాదు. మిఠాయి దుకాణం పెద్దాయన ముసలితనంలో రాజస్థాన్‌లోని సొంతూరికి వెళ్లిపోయి అక్కడే పోతే, ఇక్కడ షటర్లు మధ్యాహ్నం దిగాయి, ఫోన్ సాయంత్రం వచ్చింది.

ఈ ఎనిమిదేళ్లలో షటర్లు తొమ్మిదిసార్లు దిగాయి. తొమ్మిదిసార్లూ మహేశ్వరి రోడ్డు మీదికి వచ్చి, గోడ పట్టుకుని నిలబడి, ఎవరు పోయారో చెబుతారని వింటూ ఉండేది. ఇంకెవరిదో పేరు వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. ఆ సంతోషం ముఖంలో కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అందరికన్నా ముందు ఆ ఇంటికి పోయి, అందరికన్నా ఎక్కువ ఏడ్చేది. మహేశ్వరిది మెత్తటి మనసని బజారులో పేరు. ఆ ఏడుపు దేనికో ఆమెకు ఒక్కదానికే తెలుసు, తెలుసు కాబట్టి తన ఏడుపుకు తానే సిగ్గుపడేది.

నిరుడు సంఘం సాగర్ రోడ్డు మీద కొత్త కాంప్లెక్స్ కట్టింది. పాత బజారు వాళ్లకు అందులో చోటిస్తామన్నారు. సంఘం అధ్యక్షుడు కిరాణా శ్రీశైలం కాగితాలు పట్టుకుని మహేశ్వరి దగ్గరికి వచ్చాడు. దుకాణం ఎల్లేశ్ పేరు మీద ఉంది, అతని సంతకం కావాలి, లేదంటే ఇంకో కాగితం కావాలన్నాడు. ఆ రెండో కాగితం పేరు పలకలేక నీళ్లు నమిలాడు. యమున వకీలుతో మాట్లాడి వచ్చింది. మనిషి ఏడేళ్లు కనబడకపోతే పోయినట్టేనని కోర్టు రాసిస్తుందట.

"కోర్టుకేం తెలుస్తది?" అన్నది మహేశ్వరి. "మీ బాపు కోసం షటర్లు దిగలె గద."

యమున వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. "బాపు బతికుండి గూడ వస్తలేడంటె, అది మంచిగున్నదా అమ్మా?"

"ఏడనో ఒకతాన ఇంత తింటున్నడు, పంటున్నడు. నాకు గంతే చాలు."

ఆ మాటతో కాంప్లెక్స్ సంగతి అక్కడే ఆగిపోయింది.

శ్రావణమాసం రెండో శుక్రవారం బజారు కిటకిటలాడుతోంది. అప్పుడే గిరాకీ కాస్త తగ్గిందని ఎదురు దుకాణం సుక్కమ్మ వచ్చి మహేశ్వరి దగ్గర కూర్చుంది. ఆమె భర్త శివయ్య పగ్గాలు, గంపలు, ఎద్దుల మెడగంటలు అమ్ముతాడు. ఆ రోజు మోకాలు సలుపుతోందని ఇంట్లోనే ఉండి, ముసలామెను దుకాణానికి పంపాడు. పొద్దున విల్లాల్లో ఉండే ఒకావిడ తలుపుకు కట్టుకోవడానికి ఎద్దు గంట కొన్నదట. పెద్దది ఇయ్యమంటావా చిన్నదా అని సుక్కమ్మ అడిగితే, మామూలుగా ఎద్దులు ఏది ఇష్టపడతాయి అని అడిగిందట. మహేశ్వరి కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వులో ఉండగానే తల మీద షటర్ కదిలింది. గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలు.

అందరూ వంగి బయటికి వచ్చారు. అరవై నాలుగు దుకాణాలవాళ్లు రోడ్డు మీద నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. శ్రీశైలం వేలెత్తి లెక్కపెట్టాడు. ఒక్క శివయ్య తప్ప అందరూ ఉన్నారు.

అందరి చూపూ సుక్కమ్మ మీదికి పోయింది. మహేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుంది, ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ముసలామె అడుగడుక్కీ తూలుతుంటే మహేశ్వరి నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించింది. దేవుడా నా ముసలోడు కావద్దు అని సుక్కమ్మ పైకే మొక్కుతోంది. పక్కనే నడుస్తున్న మహేశ్వరి లోపల్లోపల, శివయ్యే కావాలి, శివయ్యే కావాలి అని మొక్కుతోంది. పెళ్లయి ఆ ఊరొచ్చిన నాటి నుంచి తనను బిడ్డా అని తప్ప పిలవని మనిషి. అతని చావు కోరుతూ, అతని భార్యను పడిపోకుండా పట్టుకుని, ఆమె ఆ సందులన్నీ దాటింది.

శివయ్య అరుగు మీద కూర్చుని, మోకాలికి నూనె రాసుకుని, జొన్నరొట్టె తింటున్నాడు.

సుక్కమ్మ గేటు దగ్గరే కూలబడి ఏడ్చింది. శివయ్య రొట్టె పక్కన పెట్టి ఇద్దరి ముఖాలూ చూశాడు. భార్య ముఖం వెంటనే అర్థమైంది. మహేశ్వరి ముఖం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"పోయింది నేనైతె మంచిగుండు గదా బిడ్డా," అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అన్నాడు. మహేశ్వరి అరుగు మెట్ల మీద అతని కాళ్ల దగ్గర కూర్చుని, చాలాసేపు తల ఎత్తలేకపోయింది.

ఆ రోజూ మరునాడూ శ్రీశైలం ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. బజారులో ఎప్పుడో దుకాణం పెట్టి తీసేసినవాళ్లు, వేరే ఊళ్లకు పోయినవాళ్లు, ఒక్కొక్కరికీ. అందరూ ఫోన్ ఎత్తారు. బాగున్నామన్నారు. ఒక్కొక్కరు బాగున్నామన్నప్పుడల్లా మహేశ్వరికి ఒక్కో దారి మూసుకుపోయింది. శనివారం చీకటి పడే వేళకు శ్రీశైలం ఫోన్ జేబులో పెట్టుకుని తల వంచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల్లో జాలి ఉంది. జాలి వెనకాల, తమవాళ్లు కాదన్న నిమ్మళం ఉంది. మహేశ్వరి దాన్ని చూడగానే గుర్తుపట్టింది. తొమ్మిదిసార్లు తాను కొంగు చాటున దాచినదే అది. వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు.

"ఒక్కొక్కపాలి అవి గూడ తప్పు దిగుతయేమో," అన్నది ఇంటికొచ్చాక.

కోర్టు కాగితం సంగతి తెచ్చిన యమునే ఇప్పుడు స్నానాల గదిలోకి పోయి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మహేశ్వరికి అన్నం సహించలేదు. ఆ గడియలో నేనేం చేస్తున్నాను అని పదే పదే అనుకున్నది. నవ్వుతున్నాను. ఎల్లేశ్ ఎక్కడో ఊపిరి విడుస్తుంటే తాను ఎద్దు గంట గురించి పగలబడి నవ్వుతోంది. మిగతా దేనికన్నా అదే ఆమెను ఎక్కువ కోసింది.

ఆదివారం కూడా బజారు మూసే ఉంది. శ్రావణమాసం, పెళ్లిళ్ల గిరాకీ అంతా సాగర్ రోడ్డు మీది మార్టులకు పోతోంది. మిఠాయి దుకాణంలో సరుకు పులిసిపోయిన వాసన షటర్ కింది నుంచి వస్తోంది. సంజీవ తన షాపు ఫ్రిజ్‌లో చిక్కుకున్న షుగర్ సూదులకు బదులు, వాడుక మనుషుల కోసం బండి మీద పోయి వేరేచోటి నుంచి తెచ్చిస్తున్నాడు. హమాలీలు అరుగుల మీద ఊరికే కూర్చుని, సాయంత్రానికి లేచిపోతున్నారు. ఇంత జరుగుతున్నా, షటర్ ఎత్తమని మహేశ్వరితో ఒక్కరూ అనలేదు. ఎవరో ఒకరు గట్టిగా అడిగితే తిట్టి పంపేది, ఏదో ఒక బలం వచ్చేది. ఎవరూ అడగకపోవడమే ఆమె తట్టుకోలేకపోయింది.

సోమవారం పొద్దున ఆమె దుకాణం మెట్టు మీద కూర్చుని ఉంటే, శివయ్య కుంటుకుంటూ వచ్చాడు.

"ఎత్తుమని చెప్తందుకు రాలె," అన్నాడు. "జరసేపు కూసుందామని వచ్చిన."

కూర్చున్నారు. కూరగాయల బండ్లు ఒకటి రెండు వాళ్ల ముందు నుంచే పోయాయి.

"ఎత్తితె నా చేతులతోని నేనే సంపినట్టయితది మామా."

శివయ్య మోకాలు రాసుకున్నాడు. "పోయే ముందు రోజు మా దుకాణంల కూసున్నడు ఎల్లేశ్. నా దుకాణం ఉన్నా లేకున్నా ఒకటే మామా అన్నడు."

మహేశ్వరి చప్పున అతని వైపు తిరిగింది. "గా మాట నేనే అన్న. గది పట్టుకొనే పోయిండు."

"ఎవలంటెనేం బిడ్డా, అప్పుడు అందరం గదే అనుకున్నం. ఇప్పుడు చూడు. మూడొద్దుల సంది గిన్ని దుకాణాలు ఆయన కోసమే మూసున్నయి. రేపు నేను పోతె ఒక్క దినం మూసుంటయి, గంతే." శివయ్య తలెత్తి ఎల్లేశ్ పేరున్న బోర్డు వైపు చూశాడు. "ఏడ పడి ఉన్నడో. ఎవలన్న పేరు అడిగిండ్రో లేదో. దిక్కులేని శవమని రాసుకొనుంటరు. ఎల్లేశ్ పోయిండు అని ఎవలో ఒకలు అనాలె గద బిడ్డా. మనం అనకుంటె ఎవలంటరు?"

మహేశ్వరి లేచి, యమునకు ఫోన్ చేసి రమ్మన్నది. కూతురు వచ్చేదాకా నిలబడే ఉంది. తల్లీ కూతుళ్లు చెరో పక్క వంగి, షటర్ కింద చేతులు పెట్టి ఎత్తారు. సగం దాకా బరువుగా లేచింది, ఆ తర్వాత దానంతటదే పైకి పోయింది. దాని వెనకే సుక్కమ్మది, శ్రీశైలంది, సంజీవది, బజారు ఆ చివరి దాకా ఒకటి తర్వాత ఒకటి లేచాయి. ఎవరూ వెంటనే లోపలికి పోలేదు. మగవాళ్లు నెత్తి మీది రుమాళ్లు తీసి, ఆమె బల్ల వెనక కూర్చునేదాకా రోడ్డు మీదే నిలబడ్డారు.

కాసేపటికి కొత్త కాలనీ నుంచి ఒకామె చిలకపచ్చ జాకెట్ గుడ్డ పట్టుకుని వచ్చింది. దానికి లైనింగ్ కావాలంది. మూడు రోజుల నుంచి ఊరికే వచ్చి పోతున్నానని విసుక్కుంది. "బజారంతా ఎందుకు మూశారండీ? ఎవరైనా పెద్దవాళ్లు పోయారా?"

మహేశ్వరి ఆ గుడ్డను వెలుతురుకు పట్టి రంగు చూసింది. తానుల్లోంచి దానికి తగ్గ పచ్చ రంగు లైనింగ్ తీసి బల్ల మీద పరిచింది. మీటరు కర్ర ఆనించి, చింపడానికి గుర్తు పెట్టుకుంది.

"మా ఆయన," అన్నది.

వచ్చినామె ముఖం పాలిపోయింది. "అయ్యో. ఏమైందండీ? ఎక్కడ?"

"ఏడనో తెల్వదమ్మా. ఏమైందో తెల్వదు. మా ఆయన ఎల్లేశ్, మోటార్లు చుడుతుండె. పోయిండు."

ఆ మాట ఆమె నోటి నుంచి రావడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. మీటరు కర్ర కింద పెట్టి, పరిచిన గుడ్డ మీద తల ఆనించి, కొంగు అడ్డం పెట్టుకోకుండా, మహేశ్వరి తన మొగుడి కోసం ఏడ్చింది.