నిలబడే కాలు

కుడికాలు అచ్చుమిషను ట్రెడిల్‌ని తొక్కుతోంది. కుడిచేయి తెల్లకార్డు పెడుతోంది, ఎడమచేయి అచ్చయిన కార్డు లాగుతోంది. నీలకంఠం ఒళ్ళంతా కదులుతోంది, ఒక్క ఎడమకాలు తప్ప. బరంపురం పెద్దబజారులోని ఆ ప్రెస్సులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ కాలు మిగతా ఒంటిని మోస్తూ ఉన్నచోటనే నిలబడి ఉంది.

దాని నరాలు మోకాలి వెనకనుంచి చీలమండదాకా వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బి ఉంటాయి. చీలమండ పైన చర్మం నల్లబడి తోలులా బిగిసింది. సాయంత్రమయ్యేసరికి పాదం బరువెక్కుతుంది. పదేళ్ళ కిందట ఆసుపత్రిలో ఒక డాక్టరు చూసి, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు. పట్టీ బిగించి కట్టుకోమన్నాడు. పడుకున్నప్పుడు కాళ్ళు ఎత్తులో ఉంచుకోమన్నాడు. నిలబడొద్దన్న మాటకి నీలకంఠం నవ్వేశాడు గాని, మిగిలినవి మానలేదు. పొద్దున్నే మంచం దిగకముందే వేళ్ళనుంచి మోకాలిదాకా పట్టీ చుడతాడు. మంచానికి కాళ్ళవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాడు. ఒక కార్డుల కట్ట పూర్తయినప్పుడల్లా మునివేళ్ళమీద పదిసార్లు లేచి దిగుతాడు. అక్షరాలు పేర్చే కంపోజిటర్ మసేను అది చూసి, "అన్న డాన్సు కట్టీసినాడు" అని నవ్వుతుంటాడు.

ఆ డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. నరాలు ఉబ్బినంత మాత్రాన భయం లేదు. పుండు పడి మానకపోయినా, నరం చిట్లి రక్తం కారినా, ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి పిక్క వేడెక్కి నొప్పి పెట్టినా, మర్నాటిదాకా ఆగకుండా రావాలి.

ఆ మూడోది జరిగి ఇవాళ్టికి నాలుగు రోజులు.

మొదటిరోజు పిక్క పట్టేసిందనుకున్నాడు. రెండోరోజు నూతి చాటున కూర్చుని, పట్టీ విప్పి, పురికొసతో రెండు పిక్కలూ కొలిచాడు. ఎడమది రెండు వేళ్ళు ఎక్కువొచ్చింది. ఈ పొద్దున నాలుగు వేళ్ళు. చర్మం మెరుస్తోంది. అరచేయి వేస్తే జ్వరమొచ్చిన నుదురులా కాలింది. గబగబా లుంగీ దించేసుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

ఊరి చివర అంకులిలో తన ఇల్లు దాటి వస్తుంటే భార్య అప్పలనర్సమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"ఏటలా ఈడుస్తన్నావు కాలు?"

"పట్టీ బిగుసుకుంది."

"ఇప్పి మళ్ళీ కట్టుకో మరి."

"ఆడికెల్లి కట్టుకుంతాను."

ఆమెకి చెప్తే ఆసుపత్రికి లాక్కెళుతుంది. అదే అతని భయం. భంజనగర్‌లో ఉండే అన్న సూరయ్య, బొటనవేలికి పుండైందని ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు. ముందు వేలు తీశారు. తర్వాత పాదం తీశారు. ఆ తర్వాత మోకాలిదాకా తీసేసి, మనిషిని మోసుకొచ్చి అరుగుమీద కూర్చోబెట్టారు. అది చక్కెర జబ్బు వల్ల వచ్చిందని ఎంతమంది చెప్పినా నీలకంఠానికి బుర్రకెక్కలేదు. లేని పాదం దురద పెడుతోందని అన్న ఏడవడం ఒక్కటే అతనికి గుర్తుండిపోయింది. ఒక కాలు లేకుండా ట్రెడిల్ తొక్కినవాడిని అతను ఎక్కడా చూడలేదు.

ఆవేళ పెళ్ళికార్డులు అచ్చవుతున్నాయి, ఒకపక్క ఒడియా, ఒకపక్క తెలుగు. యజమాని భీమేశ్వరరావు రెండుసార్లు వచ్చి, "సాయంత్రం బస్సుకి పంపాలోయ్. ముహూర్తాలు మనకోసం ఆగవు" అనేసి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి నిలబడడం కష్టమైంది. కాలు మార్చి, ఎడమకాలితో తొక్కి చూశాడు. పిక్కలో కత్తి దిగినట్టయింది. చేయి తడబడి కార్డు వంకరగా అచ్చయింది. వెంటనే ఇంకొకటి. నీలకంఠం చేతిలో వరసగా రెండు కార్డులు పాడవడం మసేను ఎప్పుడూ చూడలేదు. అక్షరాల గళ్ళపెట్టె వదిలి వచ్చి, వంగి లుంగీ పైకెత్తాడు.

"అన్నా! ఇదేటిది? దుంగలాగైపోనాది! నడు, ఆస్పత్రికెల్దాం."

"రేపెల్దాం."

"రేపేటి? ఇప్పుడే నడు."

"కోసీస్తారొరే."

మసేను తలెత్తాడు.

"ఎవులు సెప్పినారు నీకు?"

"మా అన్నని సూళ్ళేదా నువ్వు?"

మసేను ఇంకేదో అనబోయాడు. అప్పటికే నీలకంఠం చక్రాన్ని తిప్పి పని మొదలెట్టాడు. ఆ చప్పుడులో మాట వినబడదు.

మూడు గంటలవేళ ఊపిరి సగంలో ఆగిపోయింది. రొమ్ములో కుడిపక్కన పోటు. గాలి పీలుస్తున్నాడు గాని లోపలికి అందడం లేదు. మిషను ఆపేసి దాని అంచు పట్టుకున్నాడు. చెమట కనుబొమలమీదుగా జారి కళ్ళల్లో పడుతోంది. గ్యాసేమోనని మసేను సోడా తెచ్చిచ్చాడు. ఒక గుక్క కూడా దిగలేదు. నాలుగు రోజులుగా కాలు పోతుందని భయపడ్డాడు. కాలు ఉండగానే మనిషి పోవచ్చునని ఇప్పుడే తోచింది.

"మసేనూ, ఎల్దాం పద. కోస్తే కొయ్యనీ."

భీమేశ్వరరావు తనే వీధిలోకి పరిగెత్తి రిక్షా ఆపాడు. ఇద్దరూ చెరొక రెక్క పట్టుకుని ఎక్కించారు. కార్డుల మాట ఎవరూ ఎత్తలేదు.

కబురందుకుని అప్పలనర్సమ్మ వచ్చేసరికి అతన్ని ఇనుపమంచం మీద పడుకోబెట్టి, ముక్కుకి గొట్టం పెట్టారు. పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచి ఆమె చెయ్యి వెతుక్కున్నాడు.

"నర్సమ్మా, కాలుందా?"

ఆమె దుప్పటి తొలగించి, కాలుతున్న ఆ పిక్కమీద అరచేయి వేసింది.

"ఉంది. ఉంటాది."

అతను తల ఊపాడు. ఆమె చెయ్యి అక్కడే ఉంచింది. నర్సు వచ్చి నాడి పట్టుకుని, ఒక్క ఉదుటున డాక్టరుకోసం వెళ్ళేదాకా, అతను నిద్రపోయాడనే ఆమె అనుకుంది.

డాక్టరు ఒడియావాడు. తెలుగు వెతుక్కుంటూ మాట్లాడాడు. "కాలిలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయింది. వాచి ఎన్ని దినాలు?"

"నాలుగంట బాబూ" అన్నాడు మసేను. "రిక్షాలో సెప్పినాడు. ఇవాలే సూసాను నేను."

"మొదటి దినం వస్తే మందు ఎక్కించేవాళ్ళం. చాలామంది బతుకుతారు."

అప్పలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. "కాలు కోసీసేవోరా బాబూ?"

డాక్టరు అర్థంకానట్టు చూశాడు. "కాలెందుకు కోస్తాం అమ్మా?"

నీలకంఠం పోయిన మూడోరోజున మసేను ప్రెస్సు తలుపు తీశాడు. మిషను పక్కన గోడవారగా ఒక్క చెప్పు ఉంది. ఆవేళ వాచిన పాదం పట్టక నీలకంఠం వదిలేసి వెళ్ళిన ఎడమకాలి చెప్పు, మడమ దగ్గర కాగితమంత పల్చగా అరిగిపోయి ఉంది.