పొంగని పిండి

పొద్దున తొమ్మిదైంది. ఏడింటికి కలిపిన నాన్ పిండి తొట్టిలో ఎక్కడున్నది అక్కడే ఉంది. ఒంటిగంటకల్లా అబ్దుల్ సమద్ కొడుకు వలీమా విందుకు మూడొందల నాన్లు అందాలి. జహీరాబాద్‌లో పెళ్లివిందంటే జలాల్ భట్టీలో కాల్చిన నాన్లే ఉండాలన్నది ముప్పై ఏళ్లుగా ఆయన నిలబెట్టుకున్న పేరు. అది ఇవాళ్టితో మట్టిలో కలుస్తుందేమోనని కూతురు అస్మా భయపడింది.

"ఈస్టు ఖరాబైంది. ఇంకింత ఏద్దామంటే డబ్బా ఖాళీ. దుకాన్లు పదకొండు దాక తియ్యరు," అన్నాడు జలాల్.

అస్మా చిటికెడు పిండి నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేసింది. ఉప్పు కషాయం!

"ఉప్పు ఎన్నిసార్లు ఏసిన్రు అబ్బాజాన్?"

జలాల్‌కు కొలతలు లేవు. పిండిని నాలుక మీద పెట్టి చూసి, చాలకపోతే ఇంకో పిడికెడు వేయడం ఆయన ఉస్తాదు నేర్పిన పద్ధతి.

"తక్కువనిపించి ఇంకోసారి ఏసిన," అంటూ ఆమె ఎదుటే మళ్లీ రుచి చూశాడు. తాపీగా నమిలి మింగాడు. "బరాబర్ ఉన్నది గద."

అస్మా నిర్ఘాంతపోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. అడగడానికి ఇది సమయం కాదని ఆమె తొట్టి వైపు తిరిగింది.

"ఈస్టు చావలేదు, బెదిరింది," అంది. హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఆమె పరిశోధన దీనిమీదే. చుట్టూ ఉప్పు పెరిగితే ఈస్టు కణంలోని నీళ్లు బయటికి పోతాయి. కణం అంచున ఉన్న ప్రోటీన్లు అది పసిగట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా కబురు అందించుకుంటాయి. చివరిదాని పేరు హాగ్-వన్. దానికి ఫాస్ఫేట్ ముక్క అతుక్కోగానే కణం పెరగడం మాని, నీళ్లు పట్టి ఉంచే గ్లిసరాల్ తయారుచేసుకుంటుంది. ఆపద తీరాక ఆ ముక్కను ఊడబెరికే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. అవి లేని కణాలను అస్మా పెంచి చూసింది. హాగ్-వన్‌ను ఆపేవాళ్లు లేక, ఏ ఆపదా లేకుండానే అవి చచ్చిపోయేవి.

"ఇంతకింత ఉప్పులేని మైదా, గోరువెచ్చని నీళ్లు కలుపుదాం. ఉప్పు సగమైతది. కబురు ఆగితే పిండి లేస్తది."

"ఆరొందల నాన్లైతయి! నీ ప్రోటీన్లు తింటయా?"

"ముందైతే లేవనియ్యిన్రి."

ఇద్దరూ చెమటలు కారేలా పిసికారు. పది దాటింది. పిండిలో చలనం లేదు. సమద్ ఫోన్ చేస్తే, "ఐతున్నయి సాబ్, ఫికర్ చెయ్యకున్రి," అన్నాడు జలాల్. ల్యాబులో గాజుపళ్లెంలో నడిచింది తొట్టిలో నడవాలని ఏముంది? ఇంత నమ్మకంగా ఎందుకు చెప్పానా అని అస్మా తనను తానే తిట్టుకుంది.

పదిన్నరకు తడిగుడ్డ ఎత్తి చూసింది. అంచున నాలుగు బుడగలు. పదకొండుకు పిండి గుడ్డను పైకి నెట్టింది. అస్మా "అల్లా!" అంటూ గుడ్డ లాగేసింది. భట్టీ దగ్గర ఊపిరాడనంత పని మొదలైంది. ఒంటిగంటకు పది నిమిషాల ముందే మూడొందల నాన్లు ఆటో ఎక్కాయి. మిగిలిన పిండితో కాల్చినవి భట్టీ దగ్గరే అమ్ముడుపోయాయి.

సాయంత్రం మరో బేరానికి జలాల్ పిండి కలిపాడు. అలవాటుగా చిటికెడు తీసి నోటిదాకా తెచ్చుకుని ఆగిపోయాడు. ఆ చేతిని మెల్లగా కూతురి ముందుకు చాపాడు.

"జర నువ్వు చూడు బేటీ. మొన్న జొరమొచ్చినప్పటిసంది నా నాలుకకు ఏం తెలుస్తలేదు. ఎవ్వరికీ చెప్పలే."

పిండి చప్పగా ఉంది. అస్మా నమిలి మింగింది.

"ఇంకింత పడాలె అబ్బాజాన్," అంది.