అక్క ఇంటి దగ్గర వంపు

మున్సిపాలిటీలో పటాలు గీసే పెద్దాయన రిటైర్మెంటు ఇంకో వారం ఉందనగా, కొత్త ఇంజినీరమ్మ పాత పటం బల్ల మీద పరిచి అడగరాని ప్రశ్న అడిగింది.

“ఊరి హద్దు ఇంతవరకూ తిన్నగా వచ్చి, ఇక్కడ ఒక్క ఇంటిని చుట్టి వెనక్కెళ్లిపోయిందేంటి సార్?”

హద్దుకి అవతల మూడొందల ఇళ్లు లేచాయి. వాటికి కుళాయి లేదు. చెత్తబండి హద్దు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. అందుకే హద్దు జరుపుతున్నారు. పాత గీతలో ప్రతి వంపుకీ కారణం రాసి సభలో చదవాలని రూలు.

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ఇల్లు ఆయన అక్కది.

ముప్పయ్యేళ్ల కిందటా ఇలాగే ఊరు పెరిగితే హద్దు జరిపారు. ఎంత బాగుండేవో ఆ రోజులు! నల్లసిరా, ట్రేసింగు కాగితం, ఊపిరి బిగబట్టి లాగే గీత. మధ్యాహ్నమయ్యేసరికి అక్క క్యారియరుతో వచ్చి, ముందు ఆ సిరా చేతులు కడుక్కోమని కసిరేది. బడిలో టీచరు ఉద్యోగాలు ఊరి హద్దులో ఉన్నవాళ్లకే ఇచ్చేవారు. అక్క ఇల్లు పటంలో గోరంత అవతల పడింది. ఆయన పెన్ను అటు వంగింది. ఉద్యోగం తన చదువు చూసే ఇచ్చారని అక్క రిటైరయ్యేదాకా తలెత్తుకు తిరిగింది.

ఇప్పుడు నలుగురిలో వింటే తట్టుకోగలదా? ముందు తనే చెప్పాలని మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంటికి వెళ్లాడు. గుమ్మం పక్కన కుళాయి దగ్గర పొరుగింటి టైలరమ్మ బిందె నింపుకుంటోంది. వడ్డిస్తున్న అక్కకి ఆయన తల దించుకుని అంతా చెప్పేశాడు.

అక్క గరిటె ఆపలేదు. “నీకు పలక మీద గీతలు గీయడం నేర్పిందే నేను. ఆ వంపు చూస్తే నాకు తెలీదట్రా? ఉద్యోగం వద్దందామంటే నోరు రాలేదు. అందుకే ఆ కుళాయికి ఏనాడూ తాళం వెయ్యలేదు. నిజమే రాసెయ్, పో.”

బయట బిందె దించిన చప్పుడైంది.

“ఏం తమ్ముడూ, అంతదూరం వంచినవాడివి, ఇంకో గోరంత వంచితే నీ చెయ్యి నొప్పెట్టేదా? ఈ ముప్పయ్యేళ్లూ నా నడుమే కదా ఆ నీళ్లు మోసింది!” అంది టైలరమ్మ.

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఆఫీసుకి తిరిగొచ్చి కారణం గడిలో రాశాడు: “మా అక్క ఉద్యోగం కోసం వంచాను. పక్కింటివాళ్లు నాకు గుర్తు రాలేదు.”