సగం వేగం

టీ మూడోసారి పెట్టాల్సి వచ్చింది. మొదటిసారి పంచదార ఎక్కువైందని మరిది మూతి ముడిచాడు. రెండోసారి డ్రమ్మర్ ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ కప్పు చల్లార్చుకుని, "వదినగారూ, కాస్త వేడిచేసి..." అంటూ చేతికిచ్చాడు. ముందుగదిలో నలుగురు కూర్చుని, పోయినాయన కోసం ఏ ట్యూన్లు వాయించాలా అని పొద్దుటినుంచీ మల్లగుల్లాలు పడుతున్నారు. ఆయన భార్య వంటింట్లో పాలు పొంగకుండా చూసుకుంటూ అన్నీ వింటోంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఈ బృందాన్ని ఎక్కువగా విన్నది ఈ పొయ్యి ముందు నిలబడే.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఊళ్ళో క్లారినెట్ అంటే ఆయనే, జాజ్ అంటే ఆయనే. పెద్ద హాల్లో సంస్మరణ కచేరీ చేద్దామని ఆయన తమ్ముడు తలపెట్టాడు. మొత్తం పదకొండు ట్యూన్లు. ఆ జాబితా కింద భార్య సంతకం ఉంటే తప్ప ఆయన కట్టిన ట్యూన్లు వాయించనివ్వమని హాలువాళ్ళు ఖచ్చితంగా చెప్పారట. అందుకే సమావేశం ఈ ఇంట్లో పెట్టుకున్నారు. ఆ సంతకం గొడవే లేకపోతే ఆమెకు ఈ కచేరీ సంగతి గోడమీద పోస్టరు చూశాకే తెలిసేది.

"వదినా, టీ తెస్తూ తెస్తూ అన్నయ్య ట్యూన్ల కాగితాల కట్టలు కూడా పట్రా!"

ఒక చేత్తో ట్రే, రెండో చంకలో కట్టలు. ఎవరూ లేవలేదు. ఆయన శిష్యురాలు, ఇప్పుడు ఆయన స్థానంలో క్లారినెట్ వాయించబోయే అమ్మాయి, లేవబోయింది గానీ మరిది ఆమె మోకాలి మీద నోటుపుస్తకం పెట్టి, "నువ్వు రాసుకోమ్మా" అన్నాడు. ఇంకో ఆడమనిషి చేతికి కూడా పని దొరికింది.

మరిది కట్ట విప్పి ఒక కాగితాన్ని వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. "చూశారా అన్నయ్య చేతిరాత! ముత్యాలు పేర్చినట్టు లేదూ? వీటిని అద్దాల ఫ్రేముల్లో పెట్టించి హాలు గుమ్మం దగ్గర వరసగా తగిలిద్దాం. వచ్చినవాళ్ళు ముందు ఇవి చూసి లోపలికి రావాలి."

అది ఆమె చేతిరాత. ఆయనకు స్వరాల నొటేషన్ రాయడం కాదు కదా, చదవడం కూడా రాదు. "నాకు చెవులున్నాయి, నీకు కళ్ళున్నాయి, ఇంకేం కావాలి మనకి?" అనేవాడు పెళ్ళయిన కొత్తలో. అప్పుడామె బడిలో సంగీతం టీచరు. ఆ మాట ఎంత బాగుందో అనుకుని మురిసిపోయింది, మురిసిపోతూనే ఉద్యోగం మానేసింది. ఆయన ట్యూన్ వాయిస్తే విని ఆరుగురికి ఆరు పార్టులు విడివిడిగా రాయాలి. అందులో క్లారినెట్ పార్టు, ఈయన చదవకపోయినా వేరేవాళ్ళు వాయించాల్సొస్తే ఉండాలని, ఒక మెట్టు పైకి జరిపి రాయాలి, ఆ వాద్యం తీరే అంత. ఒకసారి జ్వరంలో జరపడం మర్చిపోయింది. ఆ కాగితాలు చూసి పక్క ఊరి క్లారినెట్ ఆయన వాయిస్తే రెండు బార్లు, అంటే రెండు తాళావర్తాల దాకా కుక్కలు కొట్లాడుకున్నట్టుందట. ఇంటికొచ్చి పది రోజులు ఆమెతో మాట్లాడలేదు భర్త. సరిగ్గా రాసిన వందల కాగితాల గురించి కూడా ఎన్నడూ మాట్లాడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆమె పియానో వాయించే ఆయన వంక చూసింది. ఆ రాత ఎవరిదో ఆయనకు తెలుసు. ప్రతి కచేరీ ముందురోజు ఫోన్ చేసి, "చెల్లెమ్మా, పదిహేనో బార్లో అది చుక్కేనా, ఈగ రెట్టా?" అని అడిగి పకపకా నవ్వేవాడు. ఇప్పుడాయన బిస్కెట్టును టీలో ముంచి, అది విరిగి పడకుండా పైకి తీయడంలో మహా నిమగ్నంగా ఉన్నాడు.

ఆమె ఖాళీ కప్పులు తీసి ట్రేలో సర్దింది. ఇన్నేళ్ళలో కడుపు మండినప్పుడల్లా ఆమె చేసిన పని ఏదో ఒకటి సర్దడమే. అందుకే ఆ ఇల్లు అంత శుభ్రంగా ఉంటుంది.

పది ట్యూన్లు తేలాయి. పదకొండోదాని దగ్గర డ్రమ్మర్ తొడ చరిచాడు. "ఆఖర్న 'మా ఆవిడ'. దాంట్లో చర్చే లేదు. అది లేకపోతే జనం కుర్చీలు విరగ్గొడతారు."

"అయ్యో, దాని గురించి చెప్పాలా!" అన్నాడు మరిది. "నా ఆలోచన ఇంకోటుంది. ఆ ట్యూన్ మొదలయ్యే ముందు వదినని స్టేజి మీదికి పిలిచి మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెడదాం. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా క్లారినెట్ అలా దెప్పుతూ, ఏడుస్తూ, ఎక్కిళ్ళు పెడుతూ ఉంటే... హాలు దద్దరిల్లిపోదూ!"

డ్రమ్మర్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

'మా ఆవిడ' రెండు నిమిషాల ట్యూన్. కచేరీ చివర, జనం లేవబోతుండగా, ఆయన మైకు ముందుకొచ్చి, "ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉందండీ" అనేవాడు. హాలంతా గొల్లుమనేది. తర్వాత క్లారినెట్ పరుగందుకునేది. సన్నగా మూలగడం, గొంతు పైకి లేవడం, ఉన్నట్టుండి విరిగిపోవడం, గుక్క తిప్పుకోలేక ఎక్కిళ్ళు. ఒక్కో ఎక్కిలికి డ్రమ్మర్ ఒక్కో తాళం దెబ్బ. ఆడవాళ్ళ సణుగుడు ఇంత అచ్చంగా వాద్యంలో పలికించినవాడు లేడని పత్రికల్లో రాశారు. ముందు వరసలో కూర్చున్న ఆమె వైపు జనం మెడలు తిప్పి చూసేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఆ చూపులు తన మీదినుంచి త్వరగా వెళ్ళవని నేర్చుకుంది. కూతురికి ఆరేళ్ళున్నప్పుడు, "అమ్మా, నీ పాటొచ్చింది, నవ్వు" అని మోచేత్తో పొడిచి గుర్తుచేసేది.

అది సణుగుడు కాదు. ఆమె ఒక్కదానికే తెలిసిన సంగతి అదని ఆమె నమ్మకం. ఇరవై నాలుగేళ్ళ కిందట ఒక మంగళవారం ఉదయం వాళ్ళమ్మ పోయిందని ఫోన్ వచ్చింది. బస్సులో ఆరు గంటల ప్రయాణం. గురువారం ఆయనకు పెద్ద కచేరీ, నాలుగు కొత్త ట్యూన్లకు పార్టులు రాయాలి. "పోయినావిడ ఎలాగూ పోయింది. నువ్వు వెళ్తే లేచొస్తుందా? ఈ కాగితాలు మాత్రం నువ్వు రాయకపోతే పుట్టుకురావు" అన్నాడు. అరిచి కాదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. అరిచి ఉంటే ఆమె ఎదురు తిరిగేదేమో. ఆమె బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంతసేపో తెలీదు. బయటికొచ్చి ముఖం తుడుచుకుని, ఇరవై నాలుగు పార్టులు రాసింది. అమ్మను చివరిసారి చూడలేదు.

పదిరోజుల తర్వాత ఆయన హుషారుగా, "కొత్తది తట్టింది, రాసుకో" అని వాయించడం మొదలుపెట్టాడు. మూడో బార్ దగ్గర ఆమె పెన్సిలు ఆగింది. తువ్వాల్లోకి పీల్చిన ఊపిరి, ఆపుకోబోయి ఆపుకోలేక బయటపడ్డ మూలుగు, నీళ్ళ చప్పుడు మధ్య దొర్లిన ఎక్కిళ్ళు, వరసతో సహా ఏదీ తప్పిపోలేదు. తలుపు అవతల నిలబడి మొత్తం విన్నాడన్నమాట. తలుపు మాత్రం తట్టలేదు. "ఆగావేం, రాయి. వేగం రెట్టింపు వెయ్యి, నవ్వు రావాలి" అన్నాడు. ఆమె రాసింది. ఎందుకు రాశావే అని తనను తాను వెయ్యిసార్లు ప్రశ్నించుకుంది. రాయనని చెప్పడానికి ముందు, అది తన ఏడుపని ఆయనతో అనాలి. ఆ మాట అనడం కన్నా రాయడమే సులువనిపించింది. అంతే, అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

"అదొక్కటి వద్దు" అంది ఆమె.

నలుగురూ తలెత్తి చూశారు. టీ ట్రే మాట్లాడినట్టు చూశారు.

"అదేంటి వదినా! సరదాకి కదా. ఇన్నేళ్ళూ నువ్వూ నవ్వావు."

"చెల్లెమ్మా, జనం దాన్ని ప్రేమగా తీసుకుంటారు" అన్నాడు పియానో ఆయన, బిస్కెట్టు పూర్తయ్యాక. "ఆయన కట్టిన వాటన్నిటిలో మీ పేరు మీద ఉన్నది అదొక్కటే. ఆలోచించండి."

నిజమే. గుర్రం మీద ఒకటి, వాన మీద రెండు, ఎవరో హోటల్ గాయని మీద మూడు కట్టాడు. భార్య మీద ఉన్నది ఇదే.

ఆమె శిష్యురాలి వైపు తిరిగింది. "నువ్వెప్పుడైనా వాయించావా అమ్మాయ్?"

"లేదాంటీ. సారు ఎవరికీ ఇచ్చేవారు కాదు."

"క్లారినెట్ తీసుకో. ఇదిగో పార్టు. సగం వేగంలో వాయించు. నవ్వించాలని చూడకు, ఉన్నది ఉన్నట్టు వాయించు చాలు."

మరిది వాచీ చూసుకున్నాడు. ఆ అమ్మాయి కాగితం స్టాండు మీద పెట్టి ఊపిరి తీసుకుంది. మొదటి రెండు బార్లు మామూలుగానే సాగాయి. మూడో బార్లో గదిలోకి ఇంకెవరో వచ్చినట్టయింది. గొంతు నొక్కుకుని ఎవరో ఏడుస్తున్నారు. పరుగులో సణుగుడనిపించినవి నెమ్మదిగా వచ్చేసరికి గుక్కలయ్యాయి. మొదటి ఎక్కిలి దగ్గర, ముందు డ్రమ్ము లేకపోయినా డ్రమ్మర్ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఎక్కడ కొట్టాలో తెలియక అలాగే ఉండిపోయి, మెల్లగా ఒళ్ళోకి దిగింది. పదో బార్లో ఆ అమ్మాయి ఆపేసింది.

"ఆంటీ, ఇది ఏడుపు. ఎవరో నిజంగా ఏడుస్తున్నారు."

"అవును. నేనే. మా అమ్మ పోయిన రోజు."

చెప్పేసింది. ఇరవై నాలుగేళ్ళు దాచుకున్న మాట. ఇంతకాలం దాన్ని బయటపెట్టనిది తన కోసం కాదు, ఇది తెలిస్తే వీళ్ళు మళ్ళీ ఆయన ముఖం చూడలేరని, తమ నవ్వులు తలుచుకుని సిగ్గుతో చచ్చిపోతారని. వాళ్ళ మీద జాలితో కూడా ఆమె ఇన్నేళ్ళు నవ్వింది. ఇప్పుడు వాళ్ళ ముఖాల్లో ఆ సిగ్గు కోసం చూసింది.

మరిది విసుగ్గా నిట్టూర్చాడు. "తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"అదే, బాత్రూం సంగతి. అన్నయ్య అప్పుడే చెప్పాడు. పార్టీల్లో ఎన్నిసార్లు చెప్పేవాడని! కొళాయి చప్పుడు కూడా నోటితో చేసి చూపించేవాడు. అందరికీ తెలుసు. అది తెలిసి వింటేనే కదా ఇంకా మజా."

డ్రమ్మర్ నేల చూపులు చూశాడు. పియానో ఆయన ఖాళీ కప్పులోకి చూశాడు. ఆమెకు ముందు వరసలో కూర్చుని తను నవ్వుతుంటే స్టేజి మీదినుంచి వీళ్ళు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకోవడం గుర్తొచ్చింది. బృందం కలిసికట్టుగా ఉంది కదా అని సంతోషించింది అప్పట్లో! పక్కనున్న కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ కుర్చీలోనే కూర్చుంది. ఉదయం నుంచి ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

వీళ్ళ మీద జాలిపడాల్సిన పని ఇక లేదని తెలియడం ఎంత తేలికగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. మళ్ళీ వీళ్ళ ముందా?

"సరే. పదకొండోది అదే ఉంచండి" అంది.

"అదీ! మా వదిన బంగారం" అని మరిది పెన్ను తీసి అందించాడు.

ఆమె పెన్ను తీసుకుంది గానీ సంతకం చేయలేదు. జాబితా కాగితాన్ని తనవైపు జరుపుకుని, పదకొండో ట్యూన్ పేరు కొట్టేసి, పక్కన తన గుండ్రటి అక్షరాలతో రాసి, గట్టిగా చదివి వినిపించింది. "అత్తగారి చావుకు భార్యను పంపకుండా, ఆమె బాత్రూంలో ఏడుస్తుంటే తలుపు బయట నిలబడి విని కట్టిన ట్యూన్. సగం వేగం. తాళాలు ఉండవు. ఈ మాటలు మైకులో చదివాకే మొదలుపెట్టాలి." చదివి, "ఇలాగైతే సంతకం పెడతాను. కుర్చీ కూడా వేయండి, కూర్చుంటాను. ఎవరు నవ్వుతారో ఎదురుగా ఉండి చూస్తాను. లేదంటే పదకొండూ లేవు" అంది.

మరిది ముఖం కందగడ్డయింది. "మతి పోయిందా వదినా? పత్రికలవాళ్ళొస్తారు. అన్నయ్య పరువేం కావాలి? ఏమయ్యా, మీరైనా చెప్పరే!"

పియానో ఆయన గొంతు సవరించుకుని, మళ్ళీ సవరించుకున్నాడు. శిష్యురాలు పక్కన పెట్టిన నోటుపుస్తకం మూసి మరిది చేతిలో పెట్టేసింది. "నేను వాయిస్తాను ఆంటీ. ఇలాగే."

"నోర్ముయ్ నువ్వు!" అని ఆ అమ్మాయి మీద ఎగిరి, మరిది వదిన వైపు తిరిగాడు. గొంతులో కోపం పోయి బతిమాలుడు వచ్చింది. "వదినా, పోయినవాడు తిరిగి జవాబు చెప్పుకోలేడు. అలాంటివాడి మీద ఇప్పుడు కక్ష తీర్చుకుంటావా?"

ఆమె కాగితం మీద సిరా ఆరిందో లేదో వేలితో చూసుకుంది.

"బతికున్నప్పుడు తీరిక దొరకలేదయ్యా" అంది.